నాలుగో కాలు

ప్రియమైన హెడ్ నర్సు గారికి,

మీ మేస్త్రి రాసేది. ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వూ, నీ విరిగిన కాళ్ళవాళ్ళూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఈ టీవీ స్టేషనుకి వడ్రంగం పని మీద వచ్చి ఐదు నెలలైంది కదా. ఇన్నాళ్ళూ సెట్లకి బల్లలు చేశాను, అట్టచెట్లకి చెక్క కొట్టాను, జలుబు చేసింది, తగ్గింది అని రాసి నిన్ను విసిగించాను. ఈసారి కొత్త సంగతి ఉంది. నేను టీవీలో వస్తున్నాను. కంగారు పడకు, మొహం రాదు. చేతులు మాత్రమే.

జరిగిందేమిటంటే, చిన్నప్పుడు బడికి వెళ్ళలేకపోయిన పెద్దవాళ్ళ కోసం 'కొలతా లెక్కా' అని ఒక పాఠం మొదలుపెట్టారు. మంగళవారం, శుక్రవారం పొద్దున పదకొండింటికి. లెక్కల మేడమ్ గారు బోర్డు దగ్గర నిలబడి చెబుతారు. అరా, పావూ, ముప్పావూ వచ్చినచోట చెక్క మీద కొలిచి, కోసి చూపించాలి. దానికి ముందు ఒక నటుణ్ణి పెట్టారు. ఆయన రంపం పట్టుకున్న తీరు చూస్తే నీ వార్డుకి ఇంకో మంచం కావాల్సి వస్తుందనిపించింది. ప్రొడ్యూసరు గారికీ అదే భయం పట్టుకున్నట్టుంది. మూల కూర్చుని మేకులు ఏరుకుంటున్న నన్ను లేపి, "మేస్త్రీ, మొహంతో పనిలేదు, చేతులు చాలు" అన్నారు. అంతే. ఇప్పుడు రికార్డింగు ముందు ఒక అమ్మాయి వచ్చి నా చేతులకి పౌడరు అద్ది, గోళ్ళు చూసి వెళ్తుంది. యాభై రెండేళ్ళకి నాకూ సింగారం రాసిపెట్టి ఉంది.

నేను ఒక్క ముక్క మాట్లాడక్కర్లేదు. అది నాకు హాయి. పక్క స్టూడియోలో పిల్లల పాఠం నడుస్తుంది. దానికి నేను నిలువెత్తు చెక్క గడియారం చేసిచ్చాను, గుర్తుందా? ఆ పిల్లల దగ్గర్నుంచి రోజుకో సంచి నిండా ఉత్తరాలొస్తాయి. మా మేడమ్ గారు కూడా ప్రతి పాఠం చివరా ఒక లెక్క ఇచ్చి, జవాబు కార్డు మీద రాసి పంపమంటారు. మూడు పాఠాలయ్యాయి, ఒక్క కార్డూ రాలేదు. మొత్తం ఇరవై నాలుగు పాఠాలు. అవి అయ్యేలోపు ఎవరైనా చూస్తున్నారని తేలకపోతే ఇక కొనసాగించేది లేదని పైవాళ్ళు చెప్పేశారట. సెట్ల పని ఎలాగూ అయిపోయింది. ఈ పాఠం ఉన్నంతవరకే నాకిక్కడ పని. ఆపేస్తే సంచి సర్దుకుని ఇంటికొచ్చేస్తాను, అంతేగా.

నీ డ్యూటీకి అడ్డం కాకపోతే మంగళవారం ఒకసారి చూడు.

నీ
మేస్త్రి

*

ప్రియమైన చేతుల గారికి,

మీ ఉత్తరం అందింది. చూశాను. మంగళవారమూ చూశాను, శుక్రవారమూ చూశాను.

మా మగవాళ్ళ వార్డుకీ ఆడవాళ్ళ వార్డుకీ మధ్య హాల్లో టీవీ ఉంది కదా. పదకొండింటికి రౌండ్లు అయిపోతాయి. ఇంజక్షన్ల ట్రే చేత్తో పట్టుకుని అక్కడ నిలబడ్డాను. కొలత పెట్టేముందు ఆ చేతులు చెక్కని ఒకసారి నిమిరాయి. పెళ్ళయిన కొత్తలో మీరు చేసిన మంచాన్ని కూడా అలాగే నిమిరి నాకు అప్పజెప్పారు. ట్రేని కిటికీ అంచున పెట్టేశాను. ఆ చేతులు మా ఆయనవని మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంక ఈ వార్డులో నన్ను బతకనివ్వరు.

మీ పాఠానికి ఇక్కడ మంచి గిరాకీ ఉంది. తొడ విరిగిన లారీ డ్రైవరు ఒకాయన ఉన్నాడు, తొమ్మిది వారాలుగా కాలికి బరువు కట్టించుకుని పడుకుని ఉన్నాడు. పదకొండయ్యేసరికి "నా మంచం హాల్లోకి తొయ్యండి" అని కేకలు. "ఈ మేస్త్రి చేతులు చూడండి సిస్టర్, ఇంట్లో పెళ్ళాం మాట జవదాటని రకం" అన్నాడు నిన్న. పాలు పోసే ఆవిడ ఒకామె ఉంది, కుడి మణికట్టుకి ప్లాస్టరు. జన్మలో పలక పట్టలేదట. డ్రైవరు దగ్గర పెన్సిలడిగి తీసుకుని, ఎడమ చేత్తో అంకెలు దిద్దుతోంది. "ఆ మేడమ్ మాటలు నాకు సగమే అర్థమవుతాయి గానీ, ఆ చేతులు చేసేది మొత్తం అర్థమవుతుంది" అంటుంది. ఇది విని మీరు ఉబ్బిపోకండి.

కార్డుల సంగతి రాశారు. ఏం చెప్పను? చూడటం తేలిక, రాయడం కష్టం. పెద్దవాళ్ళకి తప్పు రాస్తామేమోనని సిగ్గు కూడాను.

ఇంటి దగ్గర అంతా మామూలే. వంటింటి తలుపు పట్టేస్తోంది. ఊరందరి తలుపులూ సరిచేసి మన తలుపు ఇలా వదిలేసి వెళ్ళారు. భుజంతో తోసి తెరుస్తున్నాను. ఎముకల వార్డు నర్సుకి భుజం జారితే ఎంత నవ్వులపాటో ఆలోచించండి.

మీ
నర్సమ్మ

*

ప్రియమైన నర్సమ్మకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పాలావిడ మాటని మేడమ్ గారికి చెబుదామనుకుని, సగం అర్థమవుతుందన్న ముక్క ఉంది కదా అని ఆగిపోయాను.

పన్నెండు పాఠాలయ్యాయి. మొత్తం రెండు ఉత్తరాలొచ్చాయి. ఒకటి, మేడమ్ గారు కళ్ళజోడు ఎక్కడ కొన్నారో చెప్పమని. రెండోది, ఈ పాఠం తీసేసి పాటలు వెయ్యమని. మేడమ్ గారు రోజూ పోస్టు వచ్చే వేళకి ఏదో పని ఉన్నట్టు గేటు దాకా వెళ్ళి వస్తారు. పిల్లల పాఠంవాళ్ళు సంచులు మోసుకుపోతుంటే పక్కకి తప్పుకుని దారిస్తారు. ముప్పై ఏళ్ళు బళ్ళో చెప్పిన మనిషి. చూడలేకపోతున్నాను.

మీ హాల్లో అంతమంది చూస్తున్నారు కదా, ఒక్కరైనా రాయలేదా? జవాబు తప్పైనా ఫరవాలేదు. ఒక్క కార్డు వస్తే మేడమ్ గారికి ప్రాణం లేచొస్తుంది. నీకు వీలైతే ఒకసారి చెప్పి చూడు.

ఒక సంగతి రాస్తాను, నవ్వకు. చిన్నప్పుడు నేను బళ్ళో ముప్పావు దగ్గర ఆగిపోయాను. ఆ తర్వాత నలభై ఏళ్ళు చెక్క మీద ముప్పావులే కోశాను గానీ, కాగితం మీద చూస్తే ఇప్పటికీ గుండె దడే. మొన్న మేడమ్ గారు బోర్డు మీద రాస్తుంటే, ఆవిడ కంటే ముందే నాకు జవాబు తట్టింది. రంపం చేతిలో ఉండగా ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మొహం కనిపించదు కాబట్టి సరిపోయింది.

సరేలే, అదంతా ఎందుకు. తలుపు అడుగున కొంచెం కొవ్వొత్తి రుద్దు. నేను వచ్చేదాకా ఆగుతుంది.

నీ
మేస్త్రి

*

ప్రియమైన మీకు,

పనెక్కువగా ఉంది, రెండు ముక్కలే రాస్తున్నాను.

కొవ్వొత్తి రుద్దాను. కొంచెం నయం.

కార్డుల గురించి అడిగారు. ప్లాస్టరు చేతులతో ఏం రాస్తారండీ వీళ్ళు? మీరు దాని గురించి మరీ మనసు పాడుచేసుకోకండి. ఆపేస్తే ఆపేస్తారు. మీకిక్కడ పనికి కొదవా? వీధి చివర పుస్తకాల కొట్టాయన బీరువాల కోసం మీరెప్పుడొస్తారని రెండుసార్లు అడిగాడు.

పాలావిడ ఇంటికెళ్ళింది. చెయ్యి బాగానే అతికింది. వెళ్ళేటప్పుడు ఎందుకో మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళింది.

వేళకి తినండి.

మీ
నర్సమ్మ

*

ప్రియమైన నర్సమ్మకి,

పదహారో పాఠం వచ్చే మంగళవారం వేస్తారు. దయచేసి చూడకు. ఆ వేళకి టీవీ ఆపేసి, చెడిపోయిందని చెప్పు.

ఏం జరిగిందో చెబుతాను. ఆ పాఠం స్టూలు గురించి. నూట ఇరవై సెంటీమీటర్ల కర్ర ఒకటే ఉంది, నాలుగు సమానమైన కాళ్ళు కావాలి, ఒక్కోటి ఎంత? మేడమ్ గారు బోర్డు మీద భాగించి ముప్పై అన్నారు. నేను ముప్పై కొలిచి కొయ్యాలి, మళ్ళీ ముప్పై, మళ్ళీ ముప్పై. కాగితం మీద సరిగ్గా ఉంది. కానీ రంపం ఊరికే దూరి బయటికి రాదు కదా. కోసిన ప్రతిసారీ దాని పళ్ళ మందం మేర చెక్కని పొట్టుగా రాల్చేస్తుంది. మూడు కోతలు కోస్తే దాదాపు సెంటీమీటరు పోతుంది. ఆఖరి కాలు పొట్టిదవుతుంది. ఇది నా దగ్గర పని నేర్చుకున్న ప్రతివాడికీ మొదటి రోజే చెప్పేవాణ్ణి.

మరి మేడమ్ గారికెందుకు చెప్పలేదంటావా? అంత చదువుకున్న ఆవిడ బోర్డు మీద రాసిపెట్టాక, ముప్పావు దగ్గర బడి మానేసినవాణ్ణి నేనేం దిద్దుతాను? రాసిచ్చినట్టే కోశాను. స్టూలు నిలబెడితే టకటకమని ఊగింది. ప్రొడ్యూసరు గారు గడియారం చూసుకుని, "మళ్ళీ తియ్యడానికి టైము లేదు, ఇంకో కాలు తెచ్చి పెట్టేయండి" అన్నారు. మూల పడున్న వేరే కర్రలోంచి సరిగ్గా ముప్పై కోసి బిగించాను. స్టూలు బుద్ధిగా నిలబడింది. మేడమ్ గారు అప్పటికే పై గదిలోకి వెళ్ళిపోయారు, ఆవిడకి ఈ సంగతే తెలియదు.

ఆ చేతులు చేసేది మొత్తం అర్థమవుతుందని పాలావిడ అన్నదని రాశావు. ఆవిడ ఇంటి దగ్గర చూసి, కర్ర తెచ్చి అలాగే కోసుకుంటే? నాకు తల కొట్టేసినట్టుంది. ఎలాగూ ఎవరూ చూడటం లేదు కాబట్టి బతికిపోయానని ప్రొడ్యూసరు గారన్నారు. ఆ మాటకి ఇంకా బాధేసింది.

నీ
మేస్త్రి

*

ప్రియమైన మీకు,

ఈ ఉత్తరంతో పాటు ఒక పార్సిల్ పంపుతున్నాను. ముందు ఉత్తరం చదవండి, తర్వాత విప్పండి.

మీరు చూడవద్దన్నారు. టీవీ ఆపుదామనే వెళ్ళాను. హాలు నిండిపోయి ఉంది. పాలావిడ కూడా ఆ రోజు చెయ్యి చూపించుకోవడానికి వచ్చి, ముందు బెంచీ మీద కూర్చుని ఉంది. మీటనొక్కడానికి చెయ్యి రాలేదు.

పాఠం అయ్యీ అవగానే ఆవిడ లేచి, "ఆ నాలుగో కాలు ఆ కర్రది కాదు" అంది. "ఆ కర్ర చివర పెద్ద ముడి ఉంది, ఈ కాలుకి ముడేది?" డ్రైవరు మంచం మీంచే, "రంగు కూడా తేడాగా ఉంది" అన్నాడు. ఇంక చూడాలి గొడవ! లెక్క తప్పా, మేస్త్రి తప్పా అని రెండు జట్లయ్యారు. బ్యాండేజీ చుట్టని మధ్యకి మడిచి ఒకరు, కాగితం చించి ఒకరు, అందరూ కొలిచేవాళ్ళే. అరగంట తర్వాత పాలావిడే తేల్చింది. "మా ఇంట్లో గడ్డి కోసినా మధ్యలో కొంత రాలిపోతుంది. రంపానికి మాత్రం ఆకలుండదా?" అంది. హాలంతా చప్పట్లు. ఇదంతా ఆ మేడమ్‌కి రాయాల్సిందే అని కార్డులు తెమ్మన్నారు.

అప్పుడు ఆవిడ నా వైపు తిరిగి, "నర్సమ్మా, ఏమనుకోకు. ఈసారి నా కార్డు నేనే పోస్టు డబ్బాలో వేసుకుంటాను. నీ చేతికిచ్చినవి ఒక్కటీ చేరినట్టు లేదు" అంది.

ఇప్పుడు చెబుతున్నాను. వీళ్ళు నాలుగో పాఠం నుంచీ రాస్తూనే ఉన్నారు. నేనే పోస్టు చేస్తానని అందరి దగ్గరా తీసుకున్నాను. మొదటి రోజు నిజంగా పోస్టు చేద్దామనే సంచిలో వేసుకున్నాను. దారిలో డబ్బా దగ్గర నిలబడ్డాను. ఈ కార్డులు వెళ్తే పాఠం నిలబడుతుంది, పాఠం నిలబడితే మీరు రారు అని తట్టింది. ఇంటికి తెచ్చి బీరువాలో దుప్పట్ల కింద పెట్టాను. ఆ తర్వాత ప్రతిసారీ అంతే. మొత్తం నలభై మూడు. ఎవరూ రాయలేదా అని మీరు అడిగిన రోజున, మీ ఉత్తరం కూడా వాటి పక్కనే పెట్టాను. ప్లాస్టరు చేతులు అని రాసింది పచ్చి అబద్ధం. పాలావిడ ఆరు కార్డులు రాసింది, ఆరూ ఎడమ చేత్తోనే. వెళ్ళే రోజున "నాకు జవాబు రాలేదా" అని అడిగితే మొహం చాటేశాను.

హాల్లో అందరి ముందూ చెప్పేశాను. ఆ చేతులు మా ఆయనవని, ఆయన ఇంటికి రావాలని నేనే కార్డులు దాచానని. డ్రైవరు, "పెళ్ళాం మాట జవదాటడని నేను ముందే అన్నానా!" అనేసరికి అందరూ విరగబడి నవ్వారు. పాలావిడ నవ్వలేదు. దగ్గరికొచ్చి, "మొగుడు రావాలని ఉందని నాకొక్క మాట చెప్పి ఉంటే, నేను రాసేదాన్నే కాదు కదమ్మా" అంది. ఆ మాటకి నేను స్టోర్ రూములోకి వెళ్ళి ఏడ్చాను. తిట్టినా బాగుండేది.

పార్సిల్లో పాతవి నలభై మూడూ, నాలుగో కాలు గురించి కొత్తవి పదిహేడూ ఉన్నాయి. పాలావిడ తనది ఆఖరికి నా చేతికే ఇచ్చింది. మేడమ్ గారికి నా సంగతి ఎంత చెప్పాలో మీ ఇష్టం. మొత్తం చెప్పినా నేను కాదనను.

నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లటం లేదు.

మీ
భార్య

*

ప్రియమైన నా పిచ్చిదానికి,

పది రోజులు జవాబు రాయలేదు. కోపమే. కప్పిపుచ్చి లాభం లేదు. గేటు దాకా నడిచి ఉత్తచేతులతో తిరిగొచ్చే ఆవిడని అన్ని వారాలు చూసినవాణ్ణి. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు పార్సిలూ, నీ ఉత్తరమూ రెండూ తీసుకెళ్ళి మేడమ్ గారి బల్ల మీద పెట్టాను. రంపం సంగతి తెలిసీ ఊరుకున్నానని చెప్పాను, కాలు మార్చిన సంగతీ చెప్పాను.

ఆవిడ నీ ఉత్తరం చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ప్రొడ్యూసరు గారు మాత్రం, "అరవై కార్డులూ ఒకే ఆసుపత్రి నుంచి, పంపింది మీ ఆవిడ. పైవాళ్ళు నమ్ముతారా?" అన్నారు. అప్పుడు మేడమ్ గారు కార్డులన్నీ బల్ల మీద పరిచారు. ఎవరివి వాళ్ళకి వేరుచేసి, పాఠాల వరసలో పెట్టారు. పాలావిడ మొదటి కార్డు తప్పు. రెండోదీ అదే తప్పు. మూడోదాంట్లో సగం సరి. అయిదూ ఆరూ పూర్తిగా సరి. డ్రైవరుగారిదైతే ప్రతి జవాబూ ఎక్కువే, తక్కువ రాయడం ఆయన వంటికి పడదు. "ముప్పై ఏళ్ళు పిల్లల నోటుపుస్తకాలు దిద్దాను. సరైన జవాబులు ఎవరైనా కల్పించగలరు. ఇలాంటి తప్పులు నేర్చుకునేవాళ్ళే చెయ్యగలరు" అన్నారు మేడమ్ గారు. ఆ వరసలన్నీ అలాగే ఒక పెద్ద అట్టకి అంటించి పైకి తీసుకెళ్ళారు. పైవాళ్ళు ఇంకో ఇరవై నాలుగు పాఠాలకి ఒప్పుకున్నారు.

తర్వాత నాకు అక్షింతలు పడ్డాయి. "రంపం తినేస్తుందని మీకు తెలిసీ నాకెందుకు చెప్పలేదు?" అన్నారు. "చదువుకున్నవారు కదా మీరు" అన్నాను. "మీరు రంపంతో చదువుకున్నది నాకు తెలియదు కదా, మరి? శుక్రవారం మీరే చెప్పాలి, మొహంతో సహా" అన్నారు. దీపాల ముందు నిలబడి, "స్టూలు పాఠంలో మీకు వేరే కాలు పెట్టి చూపించాను, అది నా తప్పు" అని మొదలుపెట్టాను. ఆ తర్వాత మాట దానంతటదే వచ్చింది. ముందుగా రంపం తినేదాన్ని తీసేసి మిగిలినదాన్ని భాగించాలని చెప్పాను. కోశాక పొట్టి కాలు వస్తే పారెయ్యక్కర్లేదని, మిగతా మూడింటినీ దాని ఎత్తుకి తగ్గించి చూపించాను. స్టూలు కాస్త పొట్టిదైంది. కదలకుండా నిలబడింది.

ఇప్పుడు మన సంగతి. నువ్వు కార్డులు దాచినందుకు వచ్చిన కోపం పోయింది. ఇంకోటి మాత్రం పోవడం లేదు. 'వచ్చేయండి' అని ఒక్క మాట రాసి ఉంటే ఆ పూటే బయల్దేరేవాణ్ణి. అందుకే రాయలేదు కదూ నువ్వు? నాకిక్కడ బాగుందని నీకు తెలిసిపోయింది. బాగుందని నేనూ రాయలేదు, చదివి నువ్వు నొచ్చుకుంటావని. ఇద్దరం ఒకరినొకరు కష్టపెట్టకూడదనుకుని ఇంత పని చేశాం.

ఉండమని అడుగుతున్నారు. నేనింకా ఒప్పుకోలేదు. నీకేం కావాలో ఈసారి తిన్నగా రాయి. ఉండమంటే ఉంటాను, రమ్మంటే వస్తాను. దేనికైనా సంతోషంగానే.

నీ
మేస్త్రి

*

ప్రియమైన మా ఆయనకి,

తిన్నగా రాయమన్నారు, రాస్తున్నాను. నాకు మీరు ఇంట్లో కావాలి. పదకొండింటికి టీవీలోనూ కావాలి. రెండూ అడగడం అత్యాశేమోనని ఇన్నాళ్ళూ ఏదీ అడగలేదు. ఇప్పుడు రెండూ అడుగుతున్నాను. ఉంటానని వాళ్ళకి చెప్పేయండి. నెలకో వారం మాత్రం ఇంటికి పంపాలని ముందే ఒప్పించుకోండి. మీరు అడగలేకపోతే మేడమ్ గారిచేత అడిగించండి.

శుక్రవారం హాల్లో అందరం చూశాం. మీకు జుట్టు పెరిగింది. నా తప్పు అని మీరు అన్నప్పుడు నేను తల వంచుకున్నాను. పాలావిడ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆవిడ ఇప్పుడు మంగళవారం, శుక్రవారం పాల పని ముగించుకుని పాఠం కోసమే ఆసుపత్రికి వస్తోంది. వాచ్‌మన్ కూడా ఆపడం మానేశాడు.

ఇంకో సంగతి. మీరెప్పుడొస్తారు, మీరెందుకు రారు అని ఇన్ని నెలలు కుమిలిపోయాను గానీ, నాకూ రెండు కాళ్ళున్నాయని ఒక్కసారీ తోచలేదు. పదిహేనేళ్ళుగా వాడుకోని సెలవులున్నాయి నాకు. నిన్న ఇరవై రోజులకి కాగితం పెట్టాను. కారణం అన్నచోట ఒంట్లో బాగాలేదనో, బంధువులకి బాగాలేదనో రాయడం ఇక్కడ అందరికీ అలవాటు. నేను 'మా ఆయన్ని చూడాలి' అని రాశాను. సూపరింటెండెంటు గారు చదివి, తలెత్తి నన్ను చూసి, ఇరవై రోజులకీ సంతకం పెట్టారు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి బస్సు దిగుతాను. మీరు రండి.

మీ
నర్సమ్మ